మీటరు తక్కువ తివాచీ

మా అత్తగారింట్లో హాలు పొడవు అయిదు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. దానికోసం కొలతిచ్చి మరీ కోయించిన తివాచీ పొడవు నాలుగు మీటర్ల ఇరవై. దుకాణం మనిషి దాన్ని వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ, ముడతలు సవరిస్తూ, ఎంతో శ్రద్ధగా పరుచుకుంటూ వెళ్ళాడు. ఎదుటి గోడకి మీటరు దూరంలో తివాచీ అయిపోయింది. ఆయన మాత్రం అదే ఊపులో ఇంకో అడుగు పాకి, ఉత్త గచ్చుని కూడా రెండు చేతులతో సాపు చేసి, అప్పుడు ఆగాడు.



"కొలిచిందెవరండీ?" అన్నాడు ఆయన, మోకాళ్ళ మీదే కూచుని.

మర్యాద తెలిసిన కుటుంబం కాబట్టి అందరం తలో గోడ వైపూ చూశాం. మా మావగారు ఎక్సైజు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళుగా కొలతలు కొలిచే ఇన్‌స్పెక్టరు. ఊరంతా ఆయన్ని టేపుగారనే పిలుస్తారు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు.

"ఊళ్ళో హోటళ్ళన్నీ ఈయన కొలిచారు నాయనా," అంది మా అత్తగారు. "సొంత ఇల్లు కొలవడం ఇదే మొదలు. చెయ్యి తిరగలేదు పాపం."

మా ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాకప్పటికి పెళ్ళయి మూడు నెలలు. మావగారి మీద నవ్వడానికి ఎన్నో నెల నుంచి అర్హత వస్తుందో తెలియక దగ్గాను. పైగా కొలిచేటప్పుడు టేపు రెండో చివర ఇత్తడి ఉంగరం పట్టుకుని గోడకి ఆనించి నిలబడ్డది నేనే. 'ఎంత మావగారూ?' అని నేను అడిగితే 'నాలుగూ ఇరవై, రాసుకో' అని చెప్పింది ఆయనే.

మావగారు మాత్రం నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. వెళ్ళి ఆ ఖాళీ గచ్చు పక్కన గొంతుకూచుని జానలు పెట్టి చూశారు. "సరిగ్గా మీటరు," అన్నారు. లోపలికి వెళ్ళి ఆఫీసు నోటుపుస్తకం తెచ్చుకుని, ఒక పేజీ తీసి, అక్కడే ఆ ఉత్త గచ్చు మీద చతికిలబడ్డారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన ఉద్యోగమేమిటో చెప్తేగాని ఆ ముఖం సంగతి తెలియదు. హోటల్లో భోజనంతోపాటు మద్యం ఇవ్వాలంటే ప్రభుత్వం లైసెన్సు కావాలి. దానికి బోలెడు నిబంధనలు. నలభై మంది కూచునే చోటుండాలి. వంటగది విడిగా ఉండాలి. తాగేవాళ్ళు వీధిలోకి కనపడకూడదు. బోర్డు మీది అక్షరాలు అరచెయ్యి కన్నా పెద్దవి కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బడి గేటుకీ హోటలు గుమ్మానికీ మధ్య నూరు మీటర్ల దూరం ఉండాలి. ఆ దూరం ఆకాశంలో పిట్ట ఎగిరినట్టు కాదు, మనిషి మామూలుగా నడిచే దారిలో కొలవాలి. ఆ నడిచే మనిషే మా మావగారు. అడ్డదారి తొక్కరు. మలుపు దగ్గర కోసుకుపోరు. రోడ్డు దాటాలంటే దాటాల్సిన చోటే దాటతారు.

ఒకసారి ఒక హోటలు యజమాని, "కాస్త అటు తిప్పి కొలవండి సార్, నడిచేవాళ్ళు తిన్నగా నడుస్తారా ఏమిటి?" అని బతిమాలాడట. "నేను కొలిచేది లోపలికి వచ్చేవాడి దారయ్యా. బయటికొచ్చేవాడి దారి కొలిస్తే ఊళ్ళో ప్రతి హోటలుకీ లైసెన్సు ఇవ్వాలి," అన్నారట ఈయన. ఆఫీసులో ఆ మాట చాలాకాలం తిరిగింది. ఇంతా చేసి ఆయన జన్మలో ఒక చుక్క తాగినవారు కాదు. "లోపలేముంటుందో నాకేం తెలుసోయ్. నాకందరూ గుమ్మాలే చూపించారు," అనేవారు.

ఆయన టేపు ముప్పై మీటర్లది. పదకొండేళ్ళ కిందట ఒకరోజు రోడ్డుకి అడ్డంగా పరిచి కొలుస్తుంటే, ఒక లారీ ఆ ఇత్తడి ఉంగరాన్నీ, దాన్నంటుకున్న మొదటి మీటరునీ తనతోపాటు తీసుకుపోయింది. కొత్త టేపు కావాలని అర్జీ పెట్టారు. అర్జీ తన దారిన తాను నడిచింది. ఈలోగా పని ఆగదు కదా. ప్యూను టేపు కొసని ఒకటో నంబరు గీత దగ్గర పట్టుకునేవాడు. అటు చివర మావగారు అంకె చూసి, అందులోంచి ఒకటి తీసేసి రాసుకునేవారు. ముప్పై కనిపిస్తే ఇరవై తొమ్మిది. పదీ నలభై కనిపిస్తే తొమ్మిదీ నలభై. పదకొండేళ్ళు అలా తీసేసి తీసేసి, ఆ ఒకటి తీసెయ్యడం ఆయనకి రెప్పవేసినంత మామూలైపోయింది. చేస్తున్నట్టు ఆయనకే తెలియదు.

ఆయన రిటైరవడానికి రెండు నెలల ముందు అర్జీ గమ్యం చేరింది. తోలు డబ్బాలో, వార్నిష్ వాసనతో, ఉంగరంతో సహా నిండు ముప్పై మీటర్ల కొత్త టేపు వచ్చింది. దానితో ఆఫీసు పనిగా కొలిచింది ఒక్కటే హోటలు. తరవాత కొలిచింది మా అత్తగారి హాలు.

నోటుపుస్తకం నా చేతికిచ్చారు మావగారు. హోటలు పేజీలో నాలుగు అంకెలున్నాయి. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది, పదకొండూ నలభై. కింద గీతకొట్టి తొంభై ఎనిమిదీ నలభై. మీటరున్నర పైచిలుకు తక్కువ. లైసెన్సు ఇవ్వరాదు.

"ముప్పై మీటర్ల టేపుకి ఇరవై తొమ్మిదులెక్కణ్ణించి వచ్చాయి అల్లుడుగారూ?" అన్నారు ఆయన, పరీక్షలో ప్రశ్న అడిగినట్టు.

నాకు అర్థం కావడానికి తివాచీ వైపు చూడాల్సి వచ్చింది.

ఆ హోటలు ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. దాని యజమానిని గ్లౌజులాయన అంటారు. ఒక పెద్ద హోటల్లో ఇరవై ఆరేళ్ళు బల్లల దగ్గర వడ్డించాడు. వైను పోయడంలో అంతటి మనిషి లేడని చెప్పుకునేవారు. తెల్ల గ్లౌజులు తొడుక్కుని, సీసాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చేతిలోకి తీసుకుని, ముందు గ్లాసులో గుక్కెడు పోసి, రుచి చూసినవాళ్ళు తలాడించేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాడట. చివరికి సొంతంగా ఒక చిన్న హోటలు పెట్టుకున్నాడు. వంట భార్యది. నలభై కుర్చీలు, విడి వంటగది, వీధి వైపు గరుకు అద్దాలు, అరచేతి అక్షరాల బోర్డు. నిబంధన ఒక్కటి కూడా వదల్లేదు. సన్నటి కాడల మీద నిలబడే గ్లాసులు నాలుగు డజన్లు తలకిందులుగా వేలాడదీసి ఉంచాడు. మావగారి కొలతొక్కటే తక్కువైంది.

లైసెన్సు లేదన్న ఉత్తర్వు గ్లౌజులాయనకి చేరి అప్పటికి పదకొండు రోజులు. ఉత్తర్వు మీద ముప్పై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటితే ఏడాదిదాకా ఆ చోటుకి మళ్ళీ దరఖాస్తు తీసుకోరు. ఇదీ నిబంధనే. అంటే ఇంకా పందొమ్మిది రోజులుంది. ఆ లెక్క మావగారు గచ్చు మీంచి లేవకుండానే కట్టేశారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నన్ను లేపుకుపోయారు. బడి గేటు మధ్యలో ఉంగరం పట్టుకుని నేను నిలబడ్డాను. రోడ్డు మీద పాలవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ముప్పై, ముప్పై, ముప్పై, పన్నెండూ నలభై. నూట రెండు మీటర్ల నలభై. ఆయన నమ్మలేక వెనక్కొచ్చి మళ్ళీ కొలిచారు. భూమి కదల్లేదు.

రెండోసారి హోటలు గుమ్మం దగ్గరకి వచ్చేసరికి తలుపు తీసుకుని గ్లౌజులాయన బయటికొచ్చాడు. గ్లాసులు తుడుస్తున్నాడేమో, చేతులకి గ్లౌజులున్నాయి.

"ఇంకా ఏమైనా తగ్గిందాండీ?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను చేతిలో ఉంగరాన్ని శ్రద్ధగా పరిశీలించాను.

"లేదండీ. కొత్త టేపు కదా. సాగుతుందేమోనని చూస్తున్నాం," అన్నారు మావగారు.

పందొమ్మిదేళ్ళయింది. మావగారు అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అందుకే అంత అధ్వానంగా ఆడారు. టేపులు సాగుతాయా ఎక్కడైనా?

గ్లౌజులాయన మాత్రం నిజమే అనుకున్నాడు. రెండు కుర్చీలు తెచ్చి గుమ్మం ముందు వేశాడు. లోపల్నించి కాఫీ వచ్చింది. తెచ్చింది ఆయన భార్య. పలకరించలేదు, కప్పులు చేతికిచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అప్పీలు చెయ్యమని ప్రాణం తీస్తోందండీ మా ఆవిడ," అన్నాడు గ్లౌజులాయన. "పిచ్చిదానా, టేపుగారు కొలిచాక ఇంక అప్పీలేమిటే అన్నాను. ఆయన అడ్డదారి తొక్కని మనిషి. తక్కువన్నారంటే తక్కువే. అవునా కాదా మీరే చెప్పండి."

మావగారు కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపారు. నేను ఎదురుచూశాను. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు, మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది? మనిషి ఎదురుగా ఉన్నాడు, టేపు ఒళ్ళో ఉంది, గడువులో పద్ధెనిమిది రోజులున్నాయి.

"కాఫీ బావుందండీ," అన్నారు మావగారు.

ఇంటికొస్తూ దారిలో మలుపు దగ్గర మావగారు, ఎన్నడూ లేనిది, కోసుకుపోయారు. నేను కూడా అప్పుడే అనొచ్చు, 'వెనక్కి వెళ్దాం మావగారూ' అని. కొత్త అల్లుణ్ణి. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంటి దగ్గర ఫలహారం చల్లారిపోతోందని కూడా అనుకున్నాను.

సోమవారం ఆయన సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళారు. సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు.

"ఇప్పుడు తప్పని రాసిస్తే విచారణ అంటారు టేపుగారూ. విచారణలో ఉన్న మనిషికి వీడ్కోలు సభ ఎలా చెయ్యమంటారు? కార్డులు కూడా వేయించేశాం. ఇదుగో చూడండి," అని సొరుగులోంచి తీసి ఒకటి చూపించాడట. దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఉంది, 'ముప్పై నాలుగేళ్ళలో ఒక్క కొలత తప్పని మనిషికి మా వీడ్కోలు' అని.

సభ నెలాఖరున. గ్లౌజులాయన లెక్కలో అది ముప్పై ఒకటో రోజు.

మావగారు ఆ కార్డు ఇంటికి తెచ్చారు. అత్తగారు మురిసిపోయి చుట్టాలందరికీ పంచింది. తివాచీ సంగతి తెలిసిన చుట్టాలు కాస్త వెటకారంగానే పుచ్చుకున్నారనుకోండి, అది వేరే సంగతి. ఆ మూడు వారాలూ నేను వెళ్ళినప్పుడల్లా మెల్లగా అడిగేవాణ్ణి.

"మావగారూ, ఆ హోటలు విషయం..."

"ఇంకా పదకొండు రోజులుంది కదయ్యా."

మళ్ళీ వారం, "ఇంకా నాలుగు రోజులుంది." రోజులు కొలవడంలో ఆయన ఎప్పుడూ పొరబడలేదు. దానికి టేపు అక్కర్లేదు.

సభ బ్రహ్మాండంగా జరిగింది. సూపరింటెండెంటు కార్డు మీది వాక్యాన్నే మూడు రకాలుగా తిప్పి మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బహుమతిగా ఇచ్చిందేమిటనుకున్నారు? ఆ పాత టేపే. అద్దాల పెట్టెలో పెట్టి, మొదటి మీటరు లేకుండా. మావగారు దాన్ని రెండు చేతులతో పుచ్చుకుని లేచి నిలబడ్డారు. ఏదో చెప్తారనుకున్నాం. "అందరికీ ధన్యవాదాలు," అని కూచున్నారు. ఆనందంతో గొంతు పూడుకుపోయింది పాపం అన్నారు పక్కన కూచున్నవాళ్ళు.

ముప్పై మూడో రోజున ఉత్తరం రాశారు. కొత్త టేపు, పాత అలవాటు, నాలుగు సార్లు తీసేసిన నాలుగు మీటర్లు, అన్నీ వివరంగా, కొట్టివేతల్లేకుండా. రెండు నెలలకి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. 'మీ లేఖ దస్త్రంలో చేర్చబడింది. అప్పీలు గడువు ముగిసినందున ఏడాది అనంతరం దరఖాస్తు చేసుకోవలసిందిగా సదరు హోటలు వారికి తెలుపవచ్చును.' తెలపడం కూడా ఈయన మీదే పడేశారు.

ఆ జవాబు జేబులో పెట్టుకుని నన్ను తోడు తీసుకుని వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాల వేళ. నలభై కుర్చీల్లో ఆరుగురున్నారు. గ్లౌజులాయన మాకు ఒక మూల బల్ల చూపించాడు. మావగారు కూచోకుండానే చెప్పేశారు. ఎక్కడా తడబడలేదు. అంతా విని గ్లౌజులాయన ఒక్కటే అడిగాడు.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

గడువు దాటాక తెలిసిందని చెప్పొచ్చు. ఎవరు కాదంటారు? నేనా? నేను అప్పటికే ఉప్పుడబ్బా వైపు చూస్తున్నాను.

"మీ గుమ్మం ముందు కాఫీ తాగాను చూడండి, దానికి ముందు రోజు," అన్నారు మావగారు.

గ్లౌజులాయన కుడిచేతి గ్లౌజు ఒక్కో వేలూ లాగి తీశాడు. తరవాత ఎడమచేతిది. రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను, ఆయన చేతులు. అందరి చేతుల్లాంటివే.

"కాఫీ బావుందన్నారు ఆ రోజు," అంది ఆయన భార్య వంటగది గుమ్మంలోంచి. అంతే అంది. నా వైపు కూడా ఒకసారి చూసింది. నేనూ తాగానుగా.

"ఊరుకోవే," అన్నాడు గ్లౌజులాయన. మావగారితో, "ఏడాదేగా సార్. మళ్ళీ పెడతాం. ఈసారి మీరుండరు కాబట్టి పాసైపోతాం," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "అన్నం తిని వెళ్ళండి. వడ్డిస్తాను."

వడ్డించాడు, ఉత్త చేతులతో.

ఏడాది గడవలేదు. ఎనిమిదో నెలలో బడివాళ్ళు పిల్లల రద్దీ ఎక్కువైందని పక్క గోడ పగలగొట్టి ఇంకో గేటు పెట్టారు. హోటలు వైపే. ముందే లైసెన్సు ఉన్న హోటలుకి కొత్త గేటు అడ్డం కాదు, కొత్తగా అడిగేవాళ్ళకే అడ్డం. సంగతి తెలిసి మావగారు బజార్లో ఒక టేపు కొని, నన్ను వెంటబెట్టుకుని పరుగెత్తారు. ముప్పై ఎనిమిది మీటర్లు. మళ్ళీ కొలిచారు. ముప్పై ఎనిమిదే. అప్పుడు ఆయన చేసిన పని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఉంగరం నా చేతికిచ్చి, గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి, అవతలి ఫుట్‌పాత్ ఎక్కి, స్తంభం చుట్టూ తిరిగి, మలుపు దాకా పోయి, మళ్ళీ ఇవతలకి దాటి, వంకరటింకరగా కొలుచుకుంటూ వచ్చారు. ముప్పై నాలుగేళ్ళు తిన్నగా నడిచిన మనిషి, చుక్క ముట్టకుండా తాగినవాడి దారిన నడిచారు. డెబ్బై ఒకటి వచ్చింది.

"చాలదు," అన్నారు. టేపు నేనే చుట్టాను.

ఆ హోటలు మూతపడలేదు. అదొక్కటే మేలు. వైను దొరకదని తెలిసి పెద్ద భోజనాలవాళ్ళు రావడం మానేశారు. మధ్యాహ్నం టీచర్లూ, గుమాస్తాలూ తింటారు. సాయంత్రం బడి విడిచిపెట్టగానే ఆ కొత్త గేటులోంచి పిల్లలు వస్తారు. వాళ్ళకి పళ్ళరసం. ఊరికే పడున్నాయని కాడల గ్లాసులు నాలుగు డజన్లూ కిందకి దింపేశాడు గ్లౌజులాయన. కొన్నాళ్ళకి గ్లౌజులూ తొడుక్కున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల బల్ల దగ్గర కూచుంటుంది. ఆయన కూజాని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకుని, ముందు గుక్కెడు ద్రాక్షరసం పోసి, వెనక్కి ఒక అడుగు వేసి నిలబడతాడు. ఆ పిల్ల రుచి చూసి, పెద్ద ఆరిందాలాగా తలాడిస్తుంది. అప్పుడు నిండా పోస్తాడు. మావగారు మంగళవారం మంగళవారం వెళ్ళి ఆ మూల బల్ల దగ్గర భోంచేసి, పిల్లలు వచ్చేదాకా ఉండి, అది చూసి వస్తారు. గ్లౌజులాయన ఆయనతో ఊళ్ళో కబుర్లన్నీ మాట్లాడతాడు. ఆయన భార్య ఈ పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయనకి కాఫీ ఇవ్వలేదు. ఈయనా అడగలేదు.

తివాచీ ఇంకా అలాగే ఉంది. రంగు వెలిసింది, అంచులు లేచాయి, గోడ దగ్గర మాత్రం ఆ మీటరు గచ్చు నున్నగా మెరుస్తుంది. మావగారి కుర్చీ దాని మీదే. మొన్న ఆదివారం మేం వెళ్ళేసరికి అత్తగారు ఆ అంచు తగిలి తూలిపడబోయి, మా ఆవిణ్ణి పట్టుకుని నిలదొక్కుకుంది. ఇంక చూసుకోండి.

"చూడవే మీ నాన్న నిర్వాకం! ఆ రోజే దుకాణం వాడికి ఒక్క మాట చెప్పుంటే ఆ ముక్క కూడా కోసి తెచ్చేవాడు. ఇప్పుడు ఊరంతా గాలించినా ఆ రంగు దొరకదు. పందొమ్మిదేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను, చెప్పడానికి ఈయనకి నోరెందుకు రాలేదో కనుక్కో!"

మావగారు కుర్చీలోంచి ఆ అంచు వైపు చూసి, చేతిలో పేపరు మడిచారు.

"గడువు దాటిపోయిందే, దాటించింది నేనే."